తపసు మాను కింద

మన వైపు భారతం ఆడే మేళానికి ఏ నాటకం ముందు ఆడాలో, ఏది వెనక ఆడాలో ఎంచుకునే వీలు లేదు. ఆ వరసను గుడి నిర్ణయిస్తుంది. ధ్వజారోహణంతో మొదలై అగ్నిగుండంతో ముగిసే ఉత్సవంలో పగలు భాగవతారు హరికథ చెప్తాడు. రాత్రి అదే కథను మేళం తెల్లవార్లూ వీధినాటకంగా ఆడుతుంది. బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, సుభద్రా పరిణయం, రాజసూయం, వస్త్రాపహరణం, అర్జున తపస్సు, కీచక వధ, ఉత్తర గోగ్రహణం, కృష్ణ రాయబారం, అభిమన్యు వధ, కర్ణ మోక్షం, ఆఖరి పొద్దున దుర్యోధన వధ. ఊరిని బట్టి ఒకటి అటూ ఇటూ అవుతుంది. పుత్తూరు, నగరి, చంద్రగిరి, చిత్తూరు చుట్టుపక్కల ఏటా నడిచే ఈ నాటకాల వరసను నాటకరంగంగా చూసి విమర్శ రాసినవాళ్లు తక్కువ. 1988లో ఆల్ఫ్ హిల్టెబైటెల్, 1990లో రిచర్డ్ ఫ్రాస్కా తెచ్చిన పుస్తకాలు ముఖ్యంగా అరవనాడు గురించి, తెరుక్కూత్తు గురించి. మన పత్రికల్లో వచ్చేవి ఉత్సవ వార్తలు, ఫోటోలు.

ముందు పేరు సంగతి చూద్దాం. కథంతా ద్రౌపదిది. నిప్పులోంచి పుట్టినది ఆమె, చివర నిప్పులు తొక్కేది ఆమె పేరు మీద. అయినా గుడి మాత్రం ధర్మరాజుల గుడి. బోర్డు మీద 'ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి' అని ఉంటుంది. జూదంలో భార్యను ఒడ్డి ఓడిపోయినవాడికి గుడి, ఆమెకు 'సమేత'. పక్క తమిళనాట చాలాచోట్ల ఇదే దేవత గుడిని సూటిగా ద్రౌపది అమ్మన్ గుడి అనే పిలుస్తారు.

ఇక నాటకాల్లోకి వస్తే, వస్త్రాపహరణం రాత్రి నాకు అన్నిటికన్నా బలమైనదిగా అనిపిస్తుంది. ద్రౌపది వేషం మగవాడే వేస్తాడు. తెర వెనక నుంచి గొంతు ముందు వినిపిస్తుంది, తర్వాత జుట్టు విరబోసుకున్న రూపం కనిపిస్తుంది. స్త్రీవాదులం గనక మగ ద్రౌపది అనగానే మనకు కోపం రావాలి. ఇక్కడ మాత్రం నా ఆలోచన రెండు దిక్కులకూ పోతుంది. సినిమాలో ఈ ఘట్టం వచ్చినప్పుడు కెమెరా నటి ఒంటి మీద వాలుతుంది. ఆ సభలోని మగవాళ్ల చూపును టిక్కెట్టు కొన్నవాడికీ అందిస్తుంది. వీధినాటకంలో చీర లాగుతుంటే ఆ చీర కింద ఉన్నది మగ శరీరమని పందిట్లో అందరికీ తెలుసు. చూపుకి దొరికేదేమీ లేదు. మిగిలేది ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే: తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది? ధర్మశాస్త్రం తెలిసిన పెద్దలెవరూ తేల్చలేకపోయిన ఆ ప్రశ్న అర్ధరాత్రి పల్లెలో మద్దెల మధ్య నుంచి వస్తుంటే, చాపల మీద కూచున్న ఆడవాళ్లు కదలకుండా వింటారు. ఆ ఆట ఆడేవాళ్లకీ భయమే. దుశ్శాసన వేషగాడు చీర మీద చెయ్యి వేసేముందు దండం పెట్టుకుని క్షమాపణ అడిగే ఆచారాన్ని పరిశోధకులు నమోదు చేశారు.

కీచక వధ రాత్రికి ఈ గౌరవం ఉండదు. సైరంధ్రి చెప్పేది పనిచేసే చోట జరిగే లైంగిక వేధింపు కథ. యజమానురాలికి తెలుసు, రాజుకు తెలుసు, నిండు సభలో తన్నులు తిన్నా ఎవరూ నోరు విప్పరు. 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాక చదువుకున్నవాళ్లు కొత్తగా పేరు పెట్టుకున్న సంగతిని ఈ కథ ఎప్పుడో చెప్పింది. కానీ ఆటలో ఎక్కువ వాటా కీచకుడి సరసానికీ హాస్యగాడి రెండర్థాల మాటలకీ పోతుంది. 'నర్తనశాల' (1963)లో ఎస్వీ రంగారావు కీచకుణ్ణి ఎంత ముచ్చటగా గుర్తు పెట్టుకున్నామో తల్చుకుంటే పల్లె మేళాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టలేం. భీముడు చీర కట్టుకుని వచ్చేసరికి మగ ద్రౌపది పక్కన ఆడవేషంలో మగ భీముడు నిలబడతాడు. ఆడతనమంటే కట్టుకునేదీ విప్పేసేదీ అని ఇంత తేలిగ్గా చూపించగల ఆట, ఆ వీలును నవ్వుకే వాడుకుని వదిలేస్తుంది.

నేను అసలు మాట్లాడాలనుకున్నది అర్జున తపస్సు గురించి. ఇది పందిట్లో కాదు, బయట పగటిపూట జరుగుతుంది. ఎత్తైన మాను నాటి, దానికి మెట్లు కొడతారు. అర్జున వేషగాడు పద్యాలు పాడుకుంటూ మెట్టు మెట్టూ ఎక్కి పైకి చేరతాడు. పైనుంచి నిమ్మకాయలు, విభూతి లాంటివి కిందికి విసురుతాడు. మాను చుట్టూ సంతానం లేని ఆడవాళ్లు తడిబట్టలతో నేల మీద సాష్టాంగపడి ఉంటారు. దీన్ని వరపడటం అంటారు. ఆ ప్రసాదం దక్కితే కడుపు పండుతుందని నమ్మకం.

భారతంలో అర్జునుడు తపస్సు చేసింది పాశుపతం కోసం, అంటే శత్రువుల్ని చంపే ఆయుధం కోసం. బిడ్డల కోసం కాదు. ఆయుధం అడిగే తపస్సు ఎప్పుడు గర్భం అడిగే తపస్సుగా మారిందో, ఎవరు మార్చారో గాని, ఈ మార్పులో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఇన్ని రాత్రుల నాటకాల్లో ఊరి ఆడవాళ్లకు ఆటలో భాగంగా, శరీరంతో దొరికే పాత్ర నాకు కనిపించినంతలో ఇదొక్కటే. ద్రౌపది, సుభద్ర, కుంతి, ఉత్తర పాత్రలన్నీ మగవాళ్లవి. గొడ్రాలి పాత్ర మాత్రం ఆడమనిషిది. ఆ పాత్రకు మాట లేదు, పద్యం లేదు, తల ఎత్తి చూసే వీలు కూడా లేదు. ఎండలో, మట్టిలో, ఊరంతా చూస్తుండగా బోర్లా పడి ఉండాలి. లోపం మొగుడిదై ఉండొచ్చుననే మాటకు అక్కడ చోటు లేదు. చూడబోతే మన పట్నాల్లో సంతాన సాఫల్య కేంద్రాల బోర్డుల మీద కూడా నవ్వేది తల్లీ బిడ్డా బొమ్మే కదా.

అలాగని ఆ ఆడవాళ్లను మూఢులని తేల్చేసే హక్కు మనకు లేదు. అత్తింట్లో నాలుగు గోడల మధ్య రోజూ పడే మాటల్ని ఒక పూట నడివీధిలోకి తెచ్చి పెట్టడం కూడా అదే. తన వంతు చెయ్యగలిగింది చేశానని పదిమంది ముందు చూపించుకుంటే, ఇంట్లో ఒక ఏడాది గడువు దొరకవచ్చు. నా అభ్యంతరం వాళ్ల నమ్మకం మీద కాదు, ఆ నాటకం వాళ్లకు ఇచ్చిన పాత్ర మీద.

తిరుపతి గంగ జాతరతో పోల్చి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఆడవాళ్లను చెరిచే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ వేసిన బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాల్ని అక్కడ వరసగా కడతారు. దొర వేషంలో వాడి తల నరుకుతుంది. మొక్కుబడికి వందల మంది మగవాళ్లు చీరలు కడతారు. జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ఈ జాతర మీద తెచ్చిన పుస్తకంలో, మగవాళ్లకు వేషం కావాలి, ఆడవాళ్లలో అమ్మవారి స్వభావం ముందే ఉంది గనక వాళ్లకు వేషం అక్కర్లేదన్న అర్థం వచ్చేలా విశ్లేషించారు. ఉదారమైన మాటే. నాకు సగమే ఒప్పుదల. శక్తి ముందే ఉంది గనక ఆడవాళ్లకు వేషం అక్కర్లేదన్న వాదన, వేషం ఇవ్వనక్కర్లేదనే వాళ్లకు మహా సౌకర్యంగా ఉంటుంది. మాతంగినే తీసుకోండి. రాయలసీమలో మాతంగి అంటే మాదిగ స్త్రీ. పై కులాల వాళ్ల మీద ఉమ్మి, తిట్టి, ఆ ఒక్క సమయానికి అందరికన్నా పైన నిలబడే మనిషి అని థర్‌స్టన్ వంటివాళ్లు వందేళ్ల క్రితమే రాశారు. తిరుపతిలో ఆ వేషం కట్టేది కైకాల కుటుంబపు పురుషుడు. ఇక్కడ పక్కకు జరిగింది ఆడతనం ఒక్కటే కాదు, కులం కూడా. అగ్నికుల క్షత్రియులమని చెప్పుకునేవాళ్లు పెత్తనం చేసే ధర్మరాజుల గుళ్ల దగ్గర దళిత స్త్రీ ఎక్కడ కూచుని ఆట చూస్తుందో కూడా ఎవరైనా రాయాలి.

ఆడవాళ్లు ఈ కథ ఆడలేరా అంటే, మన రాయలసీమలోనే, కడప జిల్లా సురభిలో 1885లో 'కీచక వధ'తో మొదలైన నాటక సమాజం తొలి రోజుల్లోనే ఆడవాళ్లను రంగస్థలం ఎక్కించింది. ఛత్తీస్‌గఢ్‌లో తీజన్‌బాయి మగవాళ్ల పద్ధతిలో నిలబడి పాండవాని చెప్పినందుకు కులం వెలివేసింది. అయినా ఆమె భీముడూ దుశ్శాసనుడూ ద్రౌపదీ అన్నీ తానే అయి చెప్పింది. 2019లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఇంకా దగ్గర్లో, కాంచీపురంలో కట్టైక్కూత్తు సంఘం 2002లో పెట్టిన గురుకులంలో అమ్మాయిలూ అబ్బాయిలతో కలిసి ఈ విద్యే నేర్చుకున్నారు. అందులో కొందరు కిరీటాలు, భుజకీర్తులు కట్టుకుని రాజవేషాలు వేశారు. అంటే అడ్డం గొంతూ కాదు, బరువైన భుజకీర్తులూ కాదు. రాత్రంతా ఆట ఉన్న ఊళ్లో బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, తెల్లారి ఇంటికి చేరే బస్సు, 'మేళంలో తిరిగే ఆడది' అనే మాట. పోట్లాడాల్సినవి ఇవి.

చిత్రమేమిటంటే, మన ఊళ్లు కొన్నింట్లో ఆడవాళ్లు కంకణం కట్టుకుని అగ్నిగుండం తొక్కుతారు. పసుపు బట్టలతో, వేపాకుతో, మగవాళ్ల పక్కనే. నిప్పుల మీద నడవడానికి పనికొచ్చిన పాదాలు గజ్జె కట్టడానికి ఎందుకు పనికిరావో గుడి కమిటీలను అడగాలి. ఆఖరి పొద్దున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ మీద భీమ దుర్యోధనులు కలబడతారు. తొడ విరిగాక ద్రౌపది వేషగాడు వచ్చి జుట్టు ముడి వేసుకుంటాడు. జనం ఆ మట్టిని ఇంత గిల్లుకుని ఇంటికీ పొలానికీ తీసుకుపోతారు. ఆ తోపులాటలో, వారం కిందట తపసు మాను కింద బోర్లా పడుకున్న ఆడవాళ్లు కూడా ఉంటారు.