జనానా స్టూడియో

పెళ్లిళ్లలో, జాతరల్లో కెమెరా పట్టుకు తిరిగే నాకు ఫోటోగ్రఫీ చరిత్ర అనగానే పారిస్ కన్నా ముందు హైదరాబాద్ గుర్తొస్తుంది. కారణం రాజా దీన్‌దయాళ్. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టాడు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివాడు. ఇండోర్‌లో కొలువు చేస్తూ కెమెరా పట్టాడు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు.

కోటలు, దర్బార్లు, చచ్చిన పులి వెనక నిలబడ్డ కర్జన్ దొర... ఆయన పేరు చెబితే అందరూ చూపించే ఫోటోలు అవే. నాకు మాత్రం వాటన్నిటికన్నా 1892లో హైదరాబాద్‌లో ఆయన తెరిచిన జనానా స్టూడియో గొప్పది. చుట్టూ ఎత్తైన గోడలు. లోపల అందరూ ఆడవాళ్లే. కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ దాని బాధ్యత చూసేది. పరదా దాటి ఎరగని బేగంలు అక్కడ తమకు నచ్చినట్టు కూర్చుని ఫోటో దిగగలిగారు.

కెమెరా వెనక ఎవరున్నారన్నదాన్ని బట్టి ముందున్న మనిషి ముఖం మారిపోతుంది. నన్ను చూడగానే కొంగు సర్దుకుని బిగుసుకుపోయే పెద్దమ్మలు, మనవరాలు ఫోన్ ఎత్తితే నోరారా నవ్వుతారు. ఆ సంగతి కనిపెట్టి, అందుకోసం ఏకంగా ఒక స్టూడియోనే పెట్టినవాడు దీన్‌దయాళ్.

ఆయనే 1899-1900 కరువులో, అప్పటి నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్‌లో ఫోటోలు తీశాడు. సాయం కోసం ఎదురుచూస్తున్న, ఎముకలు తేలిన మనుషులు. ఆయన వాడిన కెమెరా పెద్ద పెట్టె. స్టాండు మీద నిలిపి, నల్లగుడ్డ కప్పుకుని తీయాలి. దొంగచాటుగా తీయడం కుదరదు. తమను తీస్తున్నారని వాళ్లకూ తెలుసు. కాదనే స్థితి మాత్రం లేదు. ఆ ఫోటోలు తీయకుండా ఉండాల్సిందని నేననను. అవి లేకపోతే ఆ ఆకలి మన కళ్లకు కనిపించేదే కాదు. కానీ బేగంకు దొరికిన మర్యాద ఆ కరువు మనిషికి దొరకలేదు. ఈ తేడా ఫోటోగ్రఫీని ఇవాళ్టికీ వదల్లేదు. పెళ్లికూతుర్ని పదిసార్లు అడిగి తీస్తాం, రోడ్డు పక్కన పూలమ్మే ముసలమ్మను అడగం.

కెమెరా పడుతున్న కుర్రాళ్లకు నా మనవి ఒకటే. ముందు పలకరించండి. వద్దంటే కెమెరా దించేయండి. ఒప్పుకుని దిగితే, ఒక ప్రింటు తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టండి.