పగ: వెండితెర మీద, అడవిలో

కథకు పగ ఇచ్చినంత సౌలభ్యం మరొక ఇతివృత్తం ఇవ్వదు. అవమానం ఆది, ప్రతీకారం అంతం. నడుమ ఉత్కంఠ తనంతట తానే పెరుగును. చలనచిత్రానికి ఈ సౌలభ్యం మరింత. కెమెరా మనిషి ముఖానికి అతి సమీపంగా పోగలదు కనుక, ఎంతటి సామూహిక కలహమైనా తెరమీద ఇద్దరు వ్యక్తుల వైరంగా కుదించుకొనిపోవును. ఈ కుదింపులో జారిపోయేది ఏమిటన్నదే విచారణీయాంశం.

తెలుగులో ఇందుకు తగిన ఉదాహరణం పల్నాటి యుద్ధం. పన్నెండవ శతాబ్దపు ఈ దాయాదుల పోరు రెండు మారులు ప్రసిద్ధ చిత్రమైనది. 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) చిత్రాలను తీసిన గూడవల్లి రామబ్రహ్మం మొదటిదానిని ఆరంభించి 1946లో కన్నుమూయగా, ఎల్.వి. ప్రసాద్ దానిని పూర్తిచేశారు. 1947లో అది విడుదలైనది. అందులో బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు, నాగమ్మ కన్నాంబ. 1966లో గుత్తా రామినీడు దర్శకత్వాన వచ్చిన చిత్రంలో ఆ పాత్రలను ఎన్.టి. రామారావు, భానుమతి ధరించారు. ఈ మహానటుల ఎంపికలోనే చిత్రాల దృష్టి వ్యక్తమగుచున్నది: కథ ఇద్దరు మంత్రుల ద్వంద్వయుద్ధంగా నిలిచినది.

ఐతిహ్యం ఇంత సులభం కాదు. కోడిపందెంలో ఓడిన మలిదేవాదులు ఏడేండ్లు వలస పోయారు. గడువు తీరినను రాజ్యం దక్కలేదు. రాయబారిగా పోయిన అలరాజు విషానికి బలి అయినాడు. చాపకూటిలో కులభేదం లేక ఒకే పంక్తిని భుజించినవారు కారెంపూడి రణభూమిలో కూలినారు. నేరమంతయు నాగమ్మ కుటిలత్వం మీద మోపినచో, రాజ్యాన్ని కోడికాలి కత్తికి కట్టిన పెద్దలందరూ నిర్దోషులై నిలుతురు.

కోడిపోరు పల్నాటి సొత్తు మాత్రమే కాదు. గోదావరికి ఆవల, కాకతీయ అన్నమదేవుని సంతతిగా చెప్పుకొన్న రాజులు ఏలిన బస్తరులోనూ వారపు సంతలలో పుంజులు పోరాడును. ఆ సీమలో పగ నిజస్వరూపమేమో వెరియర్ ఎల్విన్ 1943లో ప్రచురించిన 'మరియా మర్డర్ అండ్ సూయిసైడ్' గ్రంథం చూపినది. దండామి మాడియాలకు సంబంధించిన నూరు హత్యలను ఆయన అందులో పరిశీలించారు. ప్రతీకారం అక్కడ అనేక కారణాలలో ఒకటి మాత్రమే. అసూయ, ఇంటి తగవు, చేతబడి భయం, మద్యం, అలసట, ఒక్క పరుషవాక్యం సైతం దాని సరసన నిలుచును. ఈ పుటలలో భీషణ శపథాలు చేసే ప్రతినాయకులు లేరు. ఒక క్షణపు కోపము, దాని వెనుక ఒక జీవితకాలపు బాధ మాత్రమే కలవు. తెర మరుగుపరచినది ఈ సామాన్యతనే.

కారెంపూడిలో ఏటేటా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో ఐదు దినములు వీరుల తిరునాళ్ళు జరుగును. అక్కడ స్మరణకు వచ్చేది గెలుపు కాదు, మృతవీరులు. బ్రహ్మనాయుడు సైతం యుద్ధానంతరం రాజ్యాన్ని నలగామునికే విడిచి గుత్తికొండ బిలం ప్రవేశించెనని ఐతిహ్యం. శత్రువును చంపు ఘట్టం ఏ దర్శకునికైనను సాధ్యమే. చంపగల స్థితిలో నుండి విడిచిపెట్టిన ఈ ఘట్టమే కష్టసాధ్యం. పగను చిత్రించిన ఏ కృతికైనను గీటురాయి ఇదియే.