వీపు మీద బాంబుల లెక్క

తోలు మీద బొమ్మ వేయడం గోడ మీద వేసినంత తేలిక కాదు. తోలు వంగుతుంది, సాగుతుంది. అందుకే యుద్ధకాలపు పైలట్ జాకెట్లకు నకళ్లు చేసే నేటి చిత్రకారులు ముందు ఎసిటోన్‌తో దాని పైమెరుపు తుడిచేస్తారు. ముదురు గోధుమరంగు ఏ రంగునైనా మింగేస్తుంది కాబట్టి అడుగున తెల్లపూత పడాలి. ఆ పైన యాక్రిలిక్, పలచగా, ఒక పూత ఆరాకే మరొకటి. ఓపిక లేక మందంగా పూస్తే నాలుగుసార్లు తొడిగేసరికి పెచ్చులూడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంత తతంగం లేదు. అందుబాటులో ఉన్న రంగు, బొమ్మలేయడం వచ్చిన తోటి సైనికుడు ఉంటే చాలు. ఇంగ్లండ్‌లోని బాసింగ్‌బోర్న్ స్థావరంలో టోనీ స్టార్సర్ అలాంటివాడే. ‘మెంఫిస్ బెల్’ బాంబర్ ముక్కు మీది ఈతదుస్తుల అమ్మాయిని వేసింది అతనే. ఎస్క్వయర్ పత్రికలో జార్జ్ పెటీ గీసిన బొమ్మ దానికి మూలం.

విమానం మీది బొమ్మలే సిబ్బంది వీపుల మీదికీ ఎక్కాయి. 1931లో అమెరికా సైన్యం ప్రవేశపెట్టిన ఏ-2 జాకెట్, ఎక్కువగా గుర్రపుతోలుది, అందరికీ ఒకేలా ఉండేది. రంగు పడ్డాక ఎవరిది వారిదే.

అయితే అసలు చదవాల్సింది అమ్మాయిని కాదు, పక్కన వరసకట్టిన చిన్న చిన్న బాంబులను. ఒక్కో బాంబు ఒక్కో దాడి. 1943లో 25 పూర్తిచేస్తే ఇంటికి పోవచ్చు. తర్వాత ఆ లెక్క 30కి, 35కి పెరిగింది. శత్రువును పక్కదారి పట్టించడానికే వెళ్లొచ్చిన యాత్రకు కొందరు బాంబు బదులు బాతును గీయించుకున్నారు. వేటగాళ్లు నీటిలో వదిలే ఎర బాతు అన్నమాట! చావు అంచున తిరిగేవాళ్ల హాస్యం అలాగే ఉంటుంది.

ఆ హాస్యం ఒకసారి బెడిసికొట్టింది. 1943 చివర్లో జర్మన్లకు చిక్కిన అమెరికన్ వైమానికుడు కెన్నెత్ విలియమ్స్ జాకెట్ వీపు మీద ‘మర్డర్ ఇంక్’ అని ఉంది. అది విమానం పేరు. జర్మన్ పత్రికలు ఆ జాకెట్ ఫొటో అచ్చేసి, అమెరికన్ వైమానికులు హంతకుల ముఠా అని ప్రచారం చేసుకున్నాయి.

ఇప్పటి నకళ్ల మీద రంగును గరుకు కాగితంతో అరగదీసి పాతదనం తెస్తారు. దానికి అభ్యంతరం లేదు. నిండుగా కనిపించాలని వరసలో నాలుగు బాంబులు ఎక్కువ గీయించుకోవడమే ఎబ్బెట్టు. తాత పేరున జాకెట్ వేయించుకునేవాళ్లు ఆయన ఎన్ని దాడులకు వెళ్లాడో రికార్డుల్లో చూసుకుని, ఆ తర్వాతే చిత్రకారుడికి అంకె చెప్పడం మేలు.