నట్టు కింద పనితనం

సింగిల్ ఫేజ్ వెల్డింగ్ సెట్టును పైనుంచి చూస్తే మెచ్చుకోవడానికి ఏమీ కనిపించదు. రేకు పెట్టె, తిప్పే హ్యాండిలు, రెండు ఇత్తడి టెర్మినళ్లు. ఇన్వర్టర్ మిషన్లు రాకముందు గ్రిల్లు షాపుల్లో ఇవి మామూలే. ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, ఇప్పుడు ఇంటి వెనక షెడ్డులో సొంత పనులు చేసుకుంటున్న మా బాబాయి, పాతసామాన్ల కొట్టు నుంచి అలాంటిదొకటి తెచ్చి బాగుచేశారు. ఇంత ఓపికైన రిపేరు నేను మరెక్కడా చూడలేదు.

"ఒకసారి ప్లగ్గు పెట్టి చూద్దామా బాబాయ్?" అంటే, "కరెంటివ్వడం ఆఖరి పని రా" అన్నారు.

ముందు మెగ్గర్ తీశారు. 500 వోల్టుల మీద వైండింగుకీ బాడీకీ మధ్య ఒక్క మెగోమ్ కూడా చూపించలేదు. ఇంకొకరైతే కాయిల్ పోయిందని రీవైండింగుకి పంపేసేవారే. ఆయన వార్నిష్ రంగు చూశారు, కాటన్ టేపును గోటితో గీకి చూశారు. ఎక్కడా మాడలేదు, మాడిన వాసనా లేదు. ఇది చెమ్మేనని తేల్చుకుని, పెట్టెలో 100 వాట్ల పాతరకం బల్బు వెలిగించి మూత ఓరగా వేశారు. కాయిల్ వేడెక్కేసరికి రీడింగు ఇంకా పడింది. తెలియనివాళ్లు ఇక్కడే చేతులెత్తేస్తారు. వేడికి ఇన్సులేషన్ రెసిస్టెన్స్ ఎటూ తగ్గుతుంది, చెమ్మ ఆరేకొద్దీ మళ్లీ ఎక్కుతుంది. అలాగే ఎక్కింది. ఇప్పటికీ ఆ కాయిల్ కంపెనీలో చుట్టిందే. ఈ రిపేరు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

చేతి పని చూడాలంటే మాత్రం టెర్మినళ్ల దగ్గర చూడాలి. నట్టు బిగువుగానే ఉంది, లగ్గు కింద మాత్రం చిలుము పట్టింది. ఆ జాయింటులో ఓములో వందో వంతు అడ్డున్నా చాలు, 100 ఆంపియర్లు పారేటప్పుడు ఒక వోల్టు అక్కడే పోతుంది, 100 వాట్ల వేడి ఆ నట్టు కిందే పుడుతుంది. ఆర్క్‌కి దక్కేదే 20, 25 వోల్టులు. ఆయన కేబుల్ రబ్బరు కోసుకుంటూ, నల్లబడిన తీగ అయిపోయి మెరిసే రాగి తగిలేదాకా వెనక్కి వెళ్లారు. పోగులు విడదీసి ఎమరీ పేపరుతో తోమి, మళ్లీ మెలేసి, కొత్త లగ్గులో ఎక్కించి నొక్కారు. లగ్గు ముఖం ఇత్తడికి పూర్తిగా ఆనాలని, గాజు పలక మీద ఎమరీ పరిచి దాన్ని రుద్దారు. వాషరు లగ్గు కింద వేయలేదు, పైన వేశారు. కరెంటు పారే దారిలో ఇనుము అడ్డురాకూడదు కదా. హోల్డరుకీ, జాబ్‌కి పెట్టే క్లాంపుకీ ఇదే మర్యాద.

ఇక మోత. హ్యాండిలు తిప్పితే ఇనుప రేకుల దిమ్మె ఒకటి కాయిల్స్ మధ్యకి జరుగుతుంది. అది లోపలికి పోయేకొద్దీ అయస్కాంత ప్రవాహం పక్కదారి పట్టి ఆంపియర్లు తగ్గుతాయి. మన 50 సైకిళ్ల కరెంటులో ఆ దిమ్మె మీద సెకనుకు 100 సార్లు లాగుడు పడుతుంది. గైడు అరిగిపోయి అది గలగలమంటోంది. సందును ఫీలర్ గేజితో కొలిచి, హైలం షీటు ముక్క అంత మందానికి అరగదీసి అమర్చారు. ఇప్పుడు ఆ హ్యాండిలు గోడ గడియారానికి కీ ఇచ్చినంత మెత్తగా తిరుగుతుంది.

అవుట్‌పుట్ ఆర్క్ లేనప్పుడు 60 వోల్టులు. 2.5 ఎంఎం రాడ్డుకి 80 ఆంపియర్లు పెడితే ఇంటి లైను మీద దాదాపు 21 ఆంపియర్ల భారం పడుతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు దానికి చాలదు. అందుకే మెయిన్ బోర్డు నుంచి 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 32 ఆంపియర్ల సి టైపు ఎంసీబీ, బాడీకి విడిగా ఎర్త్ వేశారు.

ఏసీ ఆర్క్ సెకనుకు 100 సార్లు ఆరి వెలుగుతుంది. 6013 రాడ్డు పూతలోని పొటాషియం దాన్ని ప్రతిసారీ తిరిగి అందుకునేలా చేస్తుంది. ఆరబెట్టిన రాడ్డుతో ఆయన గేటు బందుకి ఒక బీడ్ వేశారు. రాడ్డు ఒక్కసారీ అంటుకోలేదు. సుత్తితో తడితే స్లాగ్ ఒకే పెచ్చుగా ఊడొచ్చింది. కింద అలలన్నీ ఒకే ఎడంతో ఉన్నాయి, అంచు ఎక్కడా కోసుకుపోలేదు. 3.15 రాడ్డు వాడాల్సిన మందపాటి పట్టీలను మాత్రం ఆయన త్రీ ఫేజ్ ఉన్న షాపుకే పంపిస్తున్నారు.