ఆధి, వ్యాధి, అనుమానం: హెచ్.ఐ.వి. పరీక్షకు ముందరి భయం – తెలుగు ప్రచారభాష

వ్యాససంగ్రహం:
శరీరసంపర్కం జరిగిన రోజు నుండి రక్తపరీక్ష ఫలితం చేతికి వచ్చే రోజు వరకు మనిషి అనుభవించే భయానికి, అతడు వాడే భాషకు గల సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2003 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హోర్డింగులపై కనిపించిన ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రచారవాక్యం దీనికి ముఖ్య ఆకరం. అంటు, సోకు, ప్రమాదం, అనుమానం, పరీక్ష, తేలు అనే మాటల అర్థచ్ఛాయలను, న్యాయశాస్త్రంలోని అనుమాన ప్రమాణాన్ని, చరకసంహితలోని శంకావిష భావనను సాధనాలుగా తీసుకొని, మన ప్రచారభాష భయాన్ని ఇచ్చినంతగా ఆ భయాన్ని కొలిచే మాటలను ఇవ్వలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హెచ్.ఐ.వి., పులిరాజా, ప్రచారభాష, అనుమానం, శంకావిషం, పరీక్ష, గోప్యత.

1. ఉపోద్ఘాతం:
దేహానికి కలిగే బాధను వ్యాధి అని, మనసుకు కలిగే బాధను ఆధి అని మన పూర్వులు వేరుచేసి చెప్పారు. ‘ఆధివ్యాధులు’ అని జంటగా పలుకుతున్నప్పటికీ వాటి మధ్య గీతను వారు చెరపలేదు. హెచ్.ఐ.వి. విషయంలో ఈ గీత చాలా ముఖ్యమైనది. వ్యాధి ఉన్నదో లేదో తెలియకముందే ఆధి మొదలవుతుంది. వ్యాధి లేదని తెలిసిన తరువాత కూడా కొందరిలో అది నిలిచిపోతుంది.

సుసాన్ సొంటాగ్ 1978లో ‘ఇల్‌నెస్ ఆజ్ మెటఫర్’, 1989లో ‘ఎయిడ్స్ అండ్ ఇట్స్ మెటఫర్స్’ అనే గ్రంథాలలో రోగాల చుట్టూ అల్లుకునే రూపకాలు రోగిని రోగంకన్నా ఎక్కువగా బాధిస్తాయని వాదించారు. ఆమె పరిశీలించినది పాశ్చాత్య సమాజాల భాషను. తెలుగులో రూపకం దాకా పోనక్కరలేదు. వాడుకమాటలోనే తీర్పు ఇమిడి ఉన్నది. కనుక ఈ పరిశీలన పదస్థాయి నుండి మొదలవుతుంది.

2. ప్రశ్నగా వచ్చిన ప్రచారం:
2002 చివర ముంబయిలో బల్బీర్ పాషా అనే కల్పిత వ్యక్తి పేరుతో ఒక ఎయిడ్స్ ప్రచారం నడిచింది. ఆ తరహాలోనే తెలుగునాట పులిరాజా వచ్చాడు. ప్రశ్న ఉన్నది, జవాబు లేదు. పులిరాజా ఎవరో, ఏమి చేశాడో చూసినవారే ఊహించుకోవాలి. మాటలకు దూరంగా ఉంచిన ఒక విషయాన్ని టీకొట్టు దగ్గరికి, కాలేజీ ఆవరణలోకి తీసుకువచ్చిన ఘనత ఈ వాక్యానిదే. ఈ విజయాన్ని తక్కువచేసి చూడరాదు.

అయితే వాక్యనిర్మాణాన్ని గమనించాలి. ‘పులిరాజాకు’ అన్నది ‘కు’ ప్రత్యయం చేరిన రూపం. ‘వస్తుందా’ అన్న క్రియకు కర్త ఎయిడ్స్. జ్వరం, నిద్ర, కోపం వంటివాటిని కూడా తెలుగు ఇలాగే చెబుతుంది. అనుభవించేవాడిని కర్తగా నిలబెట్టి నింద మోపదు. వ్యాకరణం మోపని నిందను ఇక్కడ పేరు మోసింది. ‘పులి’లోని మగతనపు దర్పం, ‘రాజా’లోని విలాసం కలిసి స్త్రీలోలుడైన పురుషుణ్ణి తయారుచేశాయి. అనతికాలంలోనే అది ఎగతాళి పేరైంది. పరీక్షకు వెళ్లవలసినవాడికి అడ్డు ఇక్కడే ఏర్పడింది. పరీక్షాకేంద్రం గడప దాటడమంటే ‘నేనే పులిరాజాను’ అని ఒప్పుకోవడమైంది.

రెండవ చిక్కు ‘ఎయిడ్స్’ అన్న మాట. సంపర్కం వల్ల సోకేది హెచ్.ఐ.వి. అనే వైరస్. చికిత్స లేకుండా చాలా ఏళ్లు గడిస్తే వచ్చే దశ ఎయిడ్స్. ఈ రెంటినీ ఒకటి చేయడం వల్ల, పరీక్షకు వెళ్లే మనిషి తన రక్తం గురించి కాక తన చావు గురించి తెలుసుకోబోతున్నానని అనుకుంటాడు. నాటి పరిస్థితిని దృష్టిలో ఉంచుకుంటే ఈ విమర్శకు ఒక హద్దు ఉన్నది. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏ.ఆర్.టి. మందులు ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. అంతకుముందు పేదవాడికి వైరస్‌కూ మరణానికీ మధ్య దూరం నిజంగానే తక్కువ. నాటి వాక్యాన్ని నాటి కాలం కొంతవరకు సమర్థిస్తుంది. కాలం మారినా ఆ అర్థంలోనే ఆగిపోయిన మన వాడుకను సమర్థించదు.

3. అంటు, సోకు, ప్రమాదం:
‘అంటువ్యాధి’లోని అంటు స్పర్శను చెబుతుంది, మైలను కూడా చెబుతుంది. ‘అంటరానితనం’లో ఉన్నదీ ఈ ధాతువే. ‘సోకు’ అన్న క్రియ కూడా తాకడాన్నే సూచిస్తుంది. గాలి సోకింది, దయ్యం సోకింది అంటాం. చేయి కలపడం వల్ల గాని, కలిసి తినడం వల్ల గాని రాని వైరస్‌ను తాకిడిని సూచించే మాటలతోనే చెప్పుకోవలసి రావడం మన భాషలోని వైరుధ్యం. అలా తాకబోమని మాటిచ్చినట్లే రోగిని దూరం పెట్టే ఆచారం ఈ మాటల నీడలో సులభంగా నిలిచింది.

‘ప్రమాదం’ అన్నది మరొక చిక్కు. రోడ్డు ప్రమాదం, అగ్నిప్రమాదం అన్నప్పుడు అది జరిగిపోయిన ఘటన. జరగడానికి ఎంత వీలున్నదో చెప్పే పరిమాణం ఆ మాటలో లేదు. ‘సంభావ్యత’ గణితపుస్తకాన్ని దాటి రాలేదు. కనుక ‘ప్రమాదం ఉన్నది’ అని వినగానే ‘ప్రమాదం జరిగింది’ అని మనసు అర్థం చేసుకుంటుంది.

వైద్యం చెప్పేది పరిమాణాన్ని. హెచ్.ఐ.వి. ఉండి చికిత్స పొందని భాగస్వామితో, కండోమ్ లేకుండా జరిగిన యోనిసంభోగంలో ఒక్కసారికి వైరస్ సోకే వీలు స్త్రీకి 10,000కు సుమారు 8, పురుషుడికి సుమారు 4 అని అంచనా. గుదసంభోగంలో గ్రహీతకు ఇది సుమారు 138. ఇతర సుఖవ్యాధులు ఉంటే ఈ వీలు పెరుగుతుంది. కండోమ్ సరిగా వాడితే బాగా తగ్గుతుంది. మందులు క్రమంగా వాడుతూ రక్తంలో వైరస్ గుర్తించలేని స్థాయికి చేరి అలాగే నిలిచిన వ్యక్తి నుండి లైంగికంగా సోకదు. ఈ అంకెలు నిర్లక్ష్యానికి అనుమతి కావు; ఒక్కసారి చాలని వారూ ఉన్నారు. భయానికి కొలత ఉంటుందని మాత్రమే ఇవి చెబుతాయి.

4. అనుమానం – హేత్వాభాసం:
న్యాయశాస్త్రంలో అనుమానం ఒక ప్రమాణం. పొగను చూసి నిప్పును తెలుసుకోవడం దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. వాడుక తెలుగులో అనుమానమంటే సందేహం, శంక. కొన్నిచోట్ల ఒక జబ్బు కూడా. జ్ఞానసాధనం మనోవేదనగా మారిన ఈ అర్థపరిణామం మన ప్రస్తుతాంశానికి చక్కగా సరిపోతుంది.

‘నాకు జ్వరం వచ్చింది, కనుక నాకు వైరస్ సోకింది’ అని భయపడేవాడి వాక్యంలో పక్షం ‘నేను’, హేతువు జ్వరం, సాధ్యం వైరస్. వైరస్ సోకిన కొందరికి రెండు నుండి నాలుగు వారాలలో జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు రావడం నిజమే. కాని వైరస్ లేనిచోట కూడా జ్వరం ఉంటుంది. సాధ్యం లేనిచోట ఉన్న హేతువు సవ్యభిచారం. అది హేతువు కాదు, హేత్వాభాసం. ‘ఆమె ఆరోగ్యంగా కనిపించింది, కనుక ఏమీ లేదు’ అని నిశ్చింతగా ఉన్నవాడి వాక్యంలో ఉన్నదీ ఈ దోషమే. అతిభయం, అతిధైర్యం ఒకే తర్కదోషానికి పుట్టిన కవలలు. బల్బీర్ పాషా తరహా ప్రచారాలు రెండవదాన్ని బాగానే ఎదుర్కొన్నాయి. మొదటిదాన్ని తమ పనిగా భావించలేదు. లక్షణాలను బట్టి అవును అనీ కాదు అనీ తేల్చలేమన్న ఒక్క వాక్యం ఇద్దరికీ సరిపోయేది.

5. శంకావిషం:
చరకసంహిత చికిత్సాస్థానంలోని విషచికిత్సాధ్యాయం శంకావిషం అనే స్థితిని చెబుతుంది. చీకటిలో ఏదో కుట్టగా పాము కరిచిందేమోనన్న ఉద్వేగంతో జ్వరం, వాంతి, మూర్ఛ, ఒంటిమంట వంటివి నిజంగానే పుడతాయి. విషం లేదు, విషలక్షణాలు ఉన్నాయి. దీనికి చెప్పిన చికిత్సలో ఆశ్వాసనం, అంటే ధైర్యం చెప్పడం కూడా భాగం. రోగి అబద్ధమాడుతున్నాడని చరకుడు అనలేదు. ఆధిని కూడా చికిత్సకు అర్హమైనదిగా గుర్తించడం ఇక్కడి విశేషం.

ఈ పోలికను పూర్తిగా వర్తింపజేయరాదు. శంకావిషంలో కాటు లేదని వైద్యుడికి తెలుసు. సంపర్కం జరిగినవాడి విషయంలో ఆ సంగతి పరీక్షకు ముందు ఎవరికీ తెలియదు. కనుక ‘ఏమీ కాదులే’ అన్న ఊరడింపు ఆశ్వాసనం కాదు. అది కూడా ఆధారం లేని అనుమానమే. ఇక్కడ ఆశ్వాసనమంటే తేదీలు, చేయవలసిన పనులు. సంపర్కం జరిగి 72 గంటలు దాటకపోతే వెంటనే వైద్యుణ్ణి కలవాలి. అవసరమని తేలితే వైరస్ సోకకుండా 28 రోజుల మందులు ఇస్తారు. ఆ గడువు దాటితే పరీక్షే మార్గం. యాంటిజన్‌ను, యాంటీబాడీలను కలిపి చూసే ప్రయోగశాల పరీక్ష 45 రోజులకు, యాంటీబాడీలను మాత్రమే చూసే త్వరిత పరీక్ష 90 రోజులకు నమ్మదగిన ముగింపు ఇస్తాయి. ఈ గడువు తరువాత, మధ్యలో కొత్త సంపర్కం లేకుండా, ‘లేదు’ అని వచ్చినా పదేపదే పరీక్షలు చేయించుకునేవారి స్థితికి శంకావిషమన్న మాట అచ్చంగా సరిపోతుంది. వారికి కావలసింది మరో రక్తపరీక్ష కాదు, మనసుకు చికిత్స.

6. పరీక్ష, తేలడం:
తెలుగువాడికి పరీక్ష అనగానే బడి, లేదా అగ్నిపరీక్ష స్ఫురిస్తాయి. ఒకదానిలో ఉత్తీర్ణత, మరొకదానిలో శీలనిరూపణ. రక్తపరీక్ష ఈ రెండింటి భారాన్నీ మోస్తున్నది. గర్భిణులకు చేసే పరీక్షలో భార్య ఫలితం ముందుగా బయటపడినప్పుడు, వైరస్ ఎవరి నుండి వచ్చినా, అగ్నిపరీక్ష ఆమెకే మిగులుతుంది. పులిరాజాను గురించి అడిగిన ప్రచారం అతడి భార్య పేరైనా అడగలేదు.

ఫలితాన్ని చెప్పే క్రియ ‘తేలు’. ‘పాజిటివ్ అని తేలింది’ అనే మన నోటితోనే ‘దోషిగా తేలాడు’ అని కూడా అంటాం. దాచినది నీటిపైకి వచ్చిందన్న ధ్వని రెండుచోట్లా ఒకటే. దీనికి బదులు ‘మీ రక్తంలో వైరస్ ఉన్నది’, ‘వైరస్ కనిపించలేదు’ అనడం చిన్న మార్పే కాని, తీర్పును సమాచారంగా మారుస్తుంది.

చట్టం ఈ విషయంలో భాషకన్నా ముందున్నది. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి తెచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం తెలిసి ఇచ్చిన సమ్మతిని, పరీక్షకు ముందూ తరువాతా కౌన్సెలింగును, గోప్యతను హక్కులుగా గుర్తించింది, వివక్షను నిషేధించింది. ప్రభుత్వ ఐ.సి.టి.సి. కేంద్రాలలో పరీక్ష ఉచితం; 1097 సహాయవాణి ఉన్నది. చట్టం ఇచ్చిన గోప్యతకూ, ‘గుప్తరోగం’ అన్న పాత మాటలోని గుట్టుకూ తేడా ఉన్నది. గుట్టు సిగ్గు నుండి పుడుతుంది, గోప్యత గౌరవం నుండి పుడుతుంది.

7. ముగింపు:
‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్నది జవాబు లేని ప్రశ్న. భవిష్యత్తును అడిగే ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. జవాబు చెప్పదగిన ప్రశ్నలు వేరు: ఏమి జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏ పరీక్ష, ఏ రోజున? వీటిలో ‘ఎవరు’ అన్నది లేకపోవడం గమనార్హం. ప్రచారసాహిత్యాన్ని సాహిత్యవిమర్శ తన పరిధికి వెలుపలిదిగా భావించినంతకాలం ఈ మాటల పని మన దృష్టికి రాదు. కౌన్సెలింగు కేంద్రాలలో వాడే తెలుగును, పత్రికల ఆరోగ్యశీర్షికల తెలుగును పరిశోధకులు ఆకరాలుగా స్వీకరించాలి. ఆధికీ వ్యాధికీ మధ్య పూర్వులు గీసిన గీతను తిరిగి స్పష్టం చేయడం వైద్యులతోపాటు భాషాధ్యాపకుల బాధ్యత కూడా.