డిఫెండర్ తయారయ్యేది బడిలోనే

1970 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం కోసం జపాన్‌తో తలపడ్డ భారత ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ మన హైదరాబాదీ డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్. జపాన్ అప్పటికి రెండేళ్ల కిందట మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు. మనవాళ్లు 1-0తో గెలిచారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు దక్కిన చివరి పతకం అదే. 2006 ఫిబ్రవరిలో ఆసియా కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లో అదే జపాన్ మనల్ని 6-0తో చిత్తు చేసింది. అప్పుడు మన కోచ్ నయీముద్దీనే. ఈ రెండు స్కోర్లనూ పక్కపక్కన పెట్టి, ఆటగాడిగా గొప్పవాడే గానీ కోచ్‌గా కాదని తేల్చేయడం తేలిక. ఆ తీర్పు అన్యాయం. ఆ ఆరు గోల్స్‌కు కారణం కోచ్ కుర్చీలో కన్నా మన బడి మైదానాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

డిఫెండర్ పని కాళ్లు అడ్డం పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. బంతితో దూసుకొచ్చేవాడి మీదికి ఎగబడిన డిఫెండర్ ఒక్క మలుపుతో వెనకబడిపోతాడు. తెలిసినవాడు తొందరపడడు. ఒంటిని కాస్త పక్కకు తిప్పి, చిన్న అడుగులతో వెనక్కి తగ్గుతూ, ఎదుటివాణ్ని గోల్‌కు దూరంగా పక్కగీత వైపు నెడతాడు. చూపు వాడి భుజాల మీద కాదు, బంతి మీద ఉంచుతాడు. భుజాలు మోసం చేస్తాయి, బంతి చేయదు. బంతి వాడి పాదాన్ని వదిలి కాస్త ముందుకు జరిగిన క్షణంలోనే టాకిల్ చేస్తాడు. తోటి బ్యాక్ ముందుకు వెళితే వాడి వెనక ఖాళీని మూస్తాడు. చిక్కించుకున్న బంతిని గుడ్డిగా తన్నేయకుండా మనవాడికి అందిస్తాడు. ఇందులో కండబలం కన్నా అంచనా పాలు ఎక్కువ. అందుకే ఇది నేర్పగలిగిన విద్య, చిన్నప్పుడే ఒంటబట్టాల్సిన విద్య.

హైదరాబాద్‌లో ఆ విద్యకు పెద్ద దిక్కు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. ఆటగాళ్లు బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలని నియమం పెట్టి ప్రత్యేకంగా పోటీలు నడిపేవాడు. డ్రిబ్లింగ్ నిషేధించి, పాస్‌లతోనే ముందుకు సాగే పోటీలూ పెట్టేవాడు. రెండు కాళ్లూ పనిచేసే డిఫెండర్‌ను ఒక మూలకు నెట్టి ఇరికించడం కష్టం. అతని శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అతని కోచింగ్‌లోనే నాలుగో స్థానం తెచ్చుకున్న భారత జట్టులో హైదరాబాదీ బ్యాక్ అజీజుద్దీన్ ఉన్నాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా దించాడు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన ఫైనల్‌లో ఒక గోల్ జర్నైల్‌దే. డిఫెండర్ అంటే పూర్తి ఆటగాడేనని రహీం ఎంత నమ్మాడో దీన్నిబట్టి తెలుస్తుంది.

నయీముద్దీన్ ఆ నేల బిడ్డ. 1970లో అర్జున, 1990లో ద్రోణాచార్య, రెండు అవార్డులూ పొందాడు. అతను కోచ్‌గా ఉండగా భారత్ 1997లోనూ 2005లోనూ దక్షిణాసియా టైటిల్ గెలిచింది. క్రమశిక్షణ పేరుతో ఆటగాళ్లను మరీ బిగించాడన్న విమర్శ ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. కానీ ఇరవై అయిదేళ్ల డిఫెండర్‌కు కొన్ని వారాల శిబిరంలో ఎడమకాలు నేర్పడం ఏ కోచ్‌కూ సాధ్యం కాదు. జపాన్ మాత్రం ఈలోగా బడి జట్లనూ విశ్వవిద్యాలయ జట్లనూ గట్టిగా నిలుపుకుని, 1993లో జె లీగ్ మొదలుపెట్టింది. ఆ దేశానికి 122 మ్యాచ్‌లాడి, 1998 ప్రపంచ కప్‌లో కెప్టెన్‌గా నిలిచి, తర్వాత కోచ్ అయిన డిఫెండర్ మసామి ఇహారా చదువుకున్నది సుకుబా విశ్వవిద్యాలయంలో. మనం మాత్రం 1963లో రహీం చనిపోయినప్పుడు అతని పద్ధతినీ అతనితోనే సాగనంపాం.

ఇదంతా నగరాల సంగతి, వాలీబాల్, కబడ్డీ, క్రికెట్ ఆడుకునే, పులికాట్ సరస్సు దగ్గరి దొరవారిసత్రం లాంటి ఊళ్లకు దీనితో పనేమిటని అడగవచ్చు. నిజానికి రహీం పద్ధతికి పచ్చగడ్డి మైదానం అక్కర్లేదు, ఖరీదైన బూట్లూ అక్కర్లేదు. 1950ల దాకా మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. పులికాట్ తీరాన ఏ హైస్కూల్‌లోనైనా ఒక బంతి, గోల్ గుర్తుకు నాలుగు రాళ్లు, శ్రద్ధ ఉన్న వ్యాయామ ఉపాధ్యాయుడు ఉంటే చాలు. వారంలో ఒకరోజు ఎడమకాలి ఆట, మరోరోజు డ్రిబ్లింగ్ లేని ఆట, ఇంకోరోజు ఇద్దరు దాడి చేస్తే ఒక్కడే కాచుకునే ఆట ఆడించవచ్చు. ఆరో తరగతిలో మొదలుపెడితే, పదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లల్లో ఎవరు డిఫెండర్లో మాస్టారికి తెలిసిపోతుంది.