తొడలు వణికితే

కూచిపూడి నేర్చుకునే పిల్లలను అన్నిటికన్నా ఏడిపించేది అరమండి. మడమలు దగ్గరగా, మోకాళ్ళు పక్కలకు, వెన్ను నిటారుగా. అలా సగం కూర్చుని జతి అయ్యేదాకా లేవకూడదు. కాసేపటికి తొడలు మండుతాయి, ఆ వెనకే వణుకు. పిల్ల పెదవి కొరుక్కుంటుంది, భుజాలు పైకి లేస్తాయి, ఊపిరి బిగబడుతుంది. "ఆమాత్రం ఓర్పు లేదా?" అని గద్దించే గురువులు ఇప్పటికీ ఉన్నారు. ఆ గద్దింపు అన్యాయమంటాను.

అరమండి పట్టగానే వెన్నుపాము ముందుగా చిన్న నాడీకణాలను పనిలోకి దించుతుంది. వాటి అదుపులోని కండర పోగులకు బలం తక్కువ, ఓపిక ఎక్కువ. అవి నీరసిస్తున్నకొద్దీ పెద్ద కణాలు తోడు రావాలి. వాటి పోగులు బలంగా లాగుతాయి కానీ త్వరగా డస్సిపోతాయి. ఆ లాగుళ్ళన్నీ సాఫీగా కలవక వణుకుగా బయటపడతాయి. అంటే వణుకుతున్న పిల్ల నాడులు మొదట్లోకన్నా ఎక్కువే పాటుపడుతున్నాయి.

ఇదే సమయంలో కండరంలోని సన్నని నాడులు లోపలి పరిస్థితిని వెన్నుపాముకూ మెదడుకూ చేరవేస్తాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి; కండరానికి వెళ్ళే ఆజ్ఞను మాత్రం ఆ కబురు వెనక్కి లాగుతుంది. కండరంలో ఇంకా కొంత సత్తువ ఉండగానే మెదడు పగ్గం బిగిస్తుందన్నమాట.

అలసటలో మెదడు పాత్రకు పాత ఉదాహరణ ఒకటుంది. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో ఏంజెలో మొస్సో అనే శాస్త్రవేత్త వేలితో బరువు లాగించి, ఎర్గోగ్రాఫ్ అనే పరికరంతో అలసటను గీతలుగా గీయించాడు. 1891లో అలసట మీద పుస్తకమే రాశాడు. విద్యార్థులకు మౌఖిక పరీక్షలు జరిపి వచ్చిన ఒక సహోద్యోగి వేలు, ఆ రోజు మామూలుకన్నా ముందే చేతులెత్తేసింది. వేలు అంతకుముందు చేసిన పనేమీ లేదు. అలసింది మెదడు!

నా కూచిపూడి క్లాసుకు పిల్లలు బడి, ట్యూషన్ ముగించుకుని సాయంత్రం వస్తారు. పొద్దంతా లెక్కలతో కుస్తీపట్టిన పిల్లకు అదే అరమండి ఆదివారం పొద్దుటికన్నా బరువుగా తోస్తుంది. అది వంక కాదు. పరీక్షల వారాల్లో అందుకే అడుగుల సాధన తగ్గించి అభినయం ఎక్కువ చెబుతాను. మామూలు రోజుల్లో వణుకు మొదలైనా ఆపను, ఊపిరి వదలమంటాను. మోకాలు లోపలికి వాలిందా, తాళం వేసే తట్టుకర్ర పక్కన పెట్టేస్తాను. అక్కడి నుంచి బరువు కీలు మీద పడుతుంది, ఒళ్ళు తప్పు భంగిమకు అలవాటు పడుతుంది. రెండు నిమిషాలు కాళ్ళు విదిలించుకుని, మళ్ళీ మొదటి కాలం, అంటే నెమ్మది లయ నుంచి.